500 రాస్తే 214 ఎందుకైంది: ఎవరూ ముట్టుకోని సర్వర్లో సెట్టింగులు మారడం

రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. కుదించి చెబుతాను. ఎరువులు, విత్తనాల హోల్‌సేల్ ఆఫీసు. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద మైఎస్‌క్యూఎల్ 8.0 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. గుణుపురం, పర్లాకిమిడి బ్రాంచీలు కూడా ఇదే సర్వర్ మీద బిల్లులు కొడతాయి. మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు కలవవచ్చో ఆ పరిమితి) 500 అని కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సెట్టింగుల ఫైల్లో, రాసిపెట్టారు. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, ఒక రోజు చూస్తే 214. చేత్తో మళ్ళీ 500 చేస్తారు, మళ్ళీ ఒక రోజు 214. బఫర్ పూల్ (డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) 4 జీబీ అని రాసినా 2 జీబీయే చూపిస్తోంది. బాగా నడిచే రిపోర్టులు ఉన్నట్టుండి 1055 ఎర్రర్ ఇస్తున్నాయి. వెయిట్ టైమౌట్ (పని లేని కనెక్షన్‌ను ఎన్ని సెకన్లకు మూసేయాలో) 600 పెడితే 28800 కనిపిస్తోంది. ఒక కౌంటర్లో ఒడియా పేర్ల బదులు ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. ఎర్రర్ లాగ్‌లో అర్ధరాత్రి 12:50కి "యూజర్ నుంచి షట్‌డౌన్ అందింది" అని ఉంది, ఆ సమయానికి ఆఫీసుకు తాళం. సావుకారుకి ఆరు నెలల క్రితం మానేసిన కుర్రాడి మీద అనుమానం. పాస్‌వర్డులన్నీ మార్చారు, అయినా ఆగలేదు. ఎవరు చేస్తున్నారో ఎలా పట్టుకోవాలి?

నేను బరంపురంలో ఉంటాను. కోరాపుట్, గజపతి, శ్రీకాకుళం వైపు ఇలాంటి చిన్న ఆఫీసుల సర్వర్లు చూసుకోవడమే నా పని. మీరు రాసినదంతా చదివాక నాకు ఒక్క మనిషి వేలిముద్ర కూడా కనిపించలేదు. "ఎవరు" అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. సర్వర్ ఎప్పుడెప్పుడు రీస్టార్ట్ అయింది, ఇప్పుడున్న విలువ ఎక్కడి నుంచి వచ్చింది, ముందు ఈ రెండూ తేల్చండి. (కమాండ్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.)

ముందు ఆ అర్ధరాత్రి దొంగ సంగతి చూద్దాం, ఎందుకంటే సావుకారు టెన్షన్ అంతా అక్కడే ఉంది.

మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లో టైము మన టైము కాదు. లాగ్ టైమ్‌స్టాంప్స్ అనే సెట్టింగ్ మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. ఆ లైను మొదట్లో ఉన్న టైము చివర జెడ్ అక్షరం ఉందో లేదో చూడండి, ఉంటే అది యూటీసీయే. దానికి అయిదున్నర గంటలు కలపాలి. రాత్రి 12:50 అంటే మనకు పొద్దున్న 6:20. ఇక ఉబుంటులో అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అని ఒకటి ఉంది, సెక్యూరిటీ అప్‌డేట్లు తనంతట తానే వేసుకుంటుంది. దాని టైమర్ పొద్దున్న 6 గంటలకు పెట్టి ఉంటుంది, పైన గంట లోపు ఎంతైనా ఆలస్యం కావచ్చు. అంటే 6కీ 7కీ మధ్య. మీ 6:20 సరిగ్గా అందులో పడింది. మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీకి అప్‌డేట్ వచ్చిన రోజున అది సర్వర్‌ని ఆపి, కొత్తది వేసి, మళ్ళీ లేపుతుంది.

"మరి యూజర్ అని ఉంది కదా" అంటారు. ఆ లైను పూర్తిగా చదవండి. యూజర్ అన్న మాట తర్వాత "వయా యూజర్ సిగ్నల్" అని ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సిగ్నల్ పంపి ఆపితే 8.0లో అలాగే రాస్తుంది. మనిషెవరైనా లాగిన్ అయి షట్‌డౌన్ కమాండ్ కొడితే అక్కడ ఆ లాగిన్ పేరు పడుతుంది. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే అసలు షట్‌డౌన్ లైనే ఉండదు, తర్వాత లేచేటప్పుడు క్రాష్ రికవరీ లైన్లు ఉంటాయి. ఈ మూడు రకాలూ వేరు చేసి ఒక కాగితం మీద తేదీలు రాసుకోండి. పక్కన వార్ లాగ్ ఏపీటీ కింద ఉన్న హిస్టరీ లాగ్‌లో తేదీలు పెట్టి చూడండి. ఆ లాగ్‌లో టైము మాత్రం మీ మెషీన్ టైమే, దానికి అయిదున్నర కలపొద్దు. రెండూ కలిస్తే ఆ కుర్రాడి గొడవ అక్కడితో సరి.

ఇప్పుడు 214.

ఆ అంకె చూడగానే సగం అర్థమైపోయింది నాకు. మనిషి మార్చాలనుకుంటే 200 పెడతాడు, 100 పెడతాడు, కక్ష ఉంటే 1 పెడతాడు. 214 ఎవరు పెడతారండీ? అది లెక్కలోంచి వచ్చిన అంకె. లినక్స్‌లో ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరవవచ్చో ఒక పరిమితి ఉంటుంది. అది 1024 అయినప్పుడు మైఎస్‌క్యూఎల్ తన సొంత పనులకు 10 పక్కన పెట్టుకుంటుంది. టేబుల్ ఓపెన్ క్యాష్‌కి (తెరిచి ఉంచుకునే టేబుళ్ళకు) కనీసం 400, ఒక్కోదానికి రెండు చొప్పున 800 తీసేస్తుంది. 1024లోంచి 810 పోతే మిగిలేది 214. మీరు ఫైల్లో 500 రాసినా, 5000 రాసినా, ఆ పరిమితి ఉన్నంత కాలం లేచిన ప్రతిసారీ తానే 214కి దించుకుంటుంది. దించినప్పుడు ఎర్రర్ లాగ్‌లో "ఛేంజ్‌డ్ లిమిట్స్" అని వరసగా చెబుతుంది కూడా: ఫైళ్ళు ఇన్ని అడిగాను, 1024 దొరికాయి. కనెక్షన్లు 500 అడిగారు, 214 చేశాను. క్యాష్ 400 చేశాను. ఆ వార్నింగులు ఎవరూ చదవరు, నేను కూడా మొదట్లో చదివేవాణ్ణి కాదు.

మరి మధ్యలో కొన్నాళ్ళు 500 ఎలా ఉంటోంది? మీరే చేత్తో సెట్ గ్లోబల్ కొడుతున్నారు కదా. నడుస్తున్న సర్వర్ ఆ మాట వింటుంది, రీస్టార్ట్ అయ్యాక మర్చిపోతుంది. అప్‌డేట్ వచ్చిన పొద్దున్న, లేదా వైశాఖంలో ఉరుములు మెరుపులు పట్టుకుని కరెంటు పోయిన సాయంత్రం, మళ్ళీ 214. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. చేత్తో 500 చేసినప్పుడు పెరిగింది అంకె మాత్రమే, ఫైళ్ళ పరిమితి అదే 1024లో ఉండిపోయింది. ఖరీఫ్ సీజన్లో మూడు ఊళ్ళ కౌంటర్లూ ఒకేసారి కొట్టినప్పుడు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్", ఎర్రర్ 24, వచ్చిందంటే కారణం ఇదే. పాత్ర పెద్దది చేయకుండా బియ్యం పోస్తున్నట్టే ఇది.

1024 ఎక్కడి నుంచి వచ్చింది? ఉబుంటు ప్యాకేజీతో వచ్చే సర్వీస్ ఫైల్లో (మైఎస్‌క్యూఎల్‌ని ఎలా లేపాలో చెప్పే ఫైలు) ఈ పరిమితి పెద్దగానే ఉంటుంది. "సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ మైఎస్‌క్యూఎల్" అని కొట్టండి. అది వాడుతున్న సర్వీస్ ఫైలు ఏ దారిలో ఉందో మొదటి లైన్లోనే చూపిస్తుంది. లిబ్ కింద ఉందని చూపిస్తే ప్యాకేజీది. ఈటీసీ (సెట్టింగుల ఫైళ్ళుండే ఫోల్డర్) లోని సిస్టమ్‌డీ సిస్టమ్ కింద పూర్తి ఫైలు ఉందని చూపిస్తే ఎవరో కాపీ చేసి పెట్టుకున్నది. రెండూ ఉంటే ఈటీసీలో ఉన్నదే నెగ్గుతుంది, ప్యాకేజీ ఎన్ని అప్‌డేట్లు తెచ్చినా దాని ఫైలు పక్కనే పడి ఉంటుంది. నా అంచనా, మీ దగ్గర అలాంటి కాపీ ఒకటి ఉంది. అందులో లిమిట్ నోఫైల్ (ఆ ఫైళ్ళ పరిమితి చెప్పే లైను) 1024 అని ఉండి ఉంటుంది. ఇదొక్కటీ ఆ పాత కుర్రాడి పనే అయి ఉండవచ్చు. కానీ అది చేసినప్పటి పొరపాటు, ఇప్పుడు చేస్తున్న ద్రోహం కాదు.

ఆ కాపీని తీసి పక్కన పెట్టి, "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ మైఎస్‌క్యూఎల్" కొట్టండి. అది ఓవర్‌రైడ్ అనే చిన్న ఫైలు తెరుస్తుంది. అందులో సర్వీస్ అనే హెడింగ్ కింద లిమిట్ నోఫైల్ 10000 అని ఒక్క లైను చాలు. డెమన్ రీలోడ్ చేసి, కౌంటర్లు మూసేశాక సర్వర్ రీస్టార్ట్ చేయండి. తర్వాత ప్రాక్ ఫోల్డర్లో ఆ ప్రాసెస్ నంబరు కింద లిమిట్స్ అనే ఫైలు తెరిచి, "మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్" లైన్లో 10000 కనిపిస్తుందా అని మీ కళ్ళతో చూడండి. షో వేరియబుల్స్ చూసి తృప్తి పడొద్దు.

బఫర్ పూల్ సంగతి ఇంకో రకం. 8.0లో సెట్ పర్సిస్ట్ అని ఒక కమాండ్ వచ్చింది. అది విలువను వెంటనే మార్చి, డేటా డైరెక్టరీలో మైఎస్‌క్యూఎల్‌డీ-ఆటో అనే సీఎన్ఎఫ్ ఫైల్లో కూడా రాసేస్తుంది. సర్వర్ లేచేటప్పుడు ఈటీసీలో ఉన్న మీ ఫైళ్ళన్నీ చదివి, ఆఖర్న దీన్ని చదువుతుంది. ఆఖర్న చదివినదే చెల్లుతుంది. మీరు మై డాట్ సీఎన్ఎఫ్ అనే మీ కాన్ఫిగ్ ఫైల్లో 4 జీబీ అని ఎన్నిసార్లు రాసినా, ఆటో ఫైల్లో 2 జీబీ ఉంటే 2 జీబీయే. ఇది చేయడానికి టెర్మినల్ కూడా అక్కర్లేదు. వర్క్‌బెంచ్ అనే మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రాములో సిస్టమ్ వేరియబుల్స్ పేజీలో పర్సిస్ట్ అని ఒక టిక్ ఉంటుంది, పొరపాటున తగిలినా పని అయిపోతుంది.

మీకు పనికొచ్చే విశేషం ఏమిటంటే, ఆ ఆటో ఫైలు జేసన్ రూపంలో ఉంటుంది, ప్రతి సెట్టింగ్ పక్కన ఎప్పుడు మార్చారు, ఏ యూజర్, ఏ మెషీన్ నుంచి అని రాసి ఉంటుంది. చదవండి, చేత్తో మాత్రం దిద్దొద్దు. ఒక కామా తప్పితే సర్వర్ లేవకపోవచ్చు. తీసేయాలంటే "రీసెట్ పర్సిస్ట్ ఇన్నోడీబీ బఫర్ పూల్ సైజ్" అని కొట్టాలి. వట్టి రీసెట్ పర్సిస్ట్ అని కొడితే అన్నీ పోతాయి, జాగ్రత్త. ఇది ఆటో ఫైల్లోంచి తీసేస్తుంది గానీ నడుస్తున్న విలువను మార్చదు, ఆ పని రీస్టార్ట్‌తో అవుతుంది. అందులో మీ యూజర్ పేరే, మీ టేబుల్ మీది కంప్యూటర్ పేరే కనిపిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నా పేరు నాకే కనిపించిన రోజులున్నాయి.

4 జీబీ కాక మరో అంకె, అంటే 4.5 లాంటిది రాసినప్పుడు 5 అయిందని కూడా కొందరు కంగారు పడతారు. బఫర్ పూల్ ఎప్పుడూ చంక్ (ఒక్కో ముక్క) సైజుని ఇన్‌స్టాన్సుల (పూల్‌లోని భాగాల) సంఖ్యతో గుణించిన దానికి గుణిజంగానే ఉంటుంది. 128 ఎంబీ చంకు, 8 ఇన్‌స్టాన్సులు అయితే 1 జీబీ మెట్లు. మధ్యలో రాస్తే పై మెట్టుకి సర్దుకుంటుంది.

ఇవన్నీ ఒక్క చోట చూడాలంటే పెర్ఫార్మెన్స్ స్కీమాలో వేరియబుల్స్ ఇన్ఫో అనే టేబుల్ ఉంది. ప్రతి సెట్టింగ్ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో సోర్స్ కాలమ్ చెబుతుంది. కంపైల్డ్ అంటే ఎవరూ ఏమీ చెప్పలేదు, పుట్టుకతో వచ్చిన విలువ. గ్లోబల్ అంటే ఈటీసీలోని ఫైలు, ఏ ఫైలో పాత్ కాలమ్‌లో ఉంటుంది. పర్సిస్టెడ్ అంటే ఆటో ఫైలు. డైనమిక్ అంటే సర్వర్ నడుస్తుండగా ఎవరో మార్చారు, పక్కనే సెట్ టైమ్, సెట్ యూజర్, సెట్ హోస్ట్ కాలమ్‌లు ఉంటాయి. మీరు అడిగిన "ఎవరు" అన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది, కానీ డైనమిక్ మార్పుల చిట్టా రీస్టార్ట్ అయితే తుడిచిపెట్టుకుపోతుంది. అనుమానం వచ్చినప్పుడు మన వాళ్ళు మొట్టమొదట చేసే పని సర్వర్ రీస్టార్ట్ చేయడం. సాక్ష్యం అక్కడే పోతుంది. ముందు ఈ టేబుల్ మొత్తం ఒక ఫైల్లోకి దించుకుని, తర్వాత ఏమైనా చేసుకోండి.

సోర్స్ కాలమ్‌లో దాదాపు అన్నీ కంపైల్డ్ అని వస్తే అది ఇంకో రోగం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది కదా, గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో అటు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత పర్లాకిమిడిలో ఒక ట్రేడింగ్ ఆఫీసు నుంచి ఫోను. జనరేటర్ మీద సర్వర్ లేపారు, లేచింది, కానీ నత్తలా నడుస్తోంది. బస్సు దొరికిన రోజున వెళ్ళాను. బఫర్ పూల్ 128 ఎంబీ, కనెక్షన్లు 151. రెండూ మైఎస్‌క్యూఎల్ పుట్టుకతో తెచ్చుకునే విలువలు. కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి, 6 జీబీ అని స్పష్టంగా రాసి ఉంది. అక్కడి పెద్దాయన నా వెనకే నిలబడి "బాబూ, రాసింది రాసినట్టే ఉంది గదా, మరి దీనికి కళ్ళు కనబడవా?" అంటున్నాడు. నిజంగానే కనబడలేదు. అంతకు ముందు రోజు ఎవరో ఫైలు సేవ్ కావడం లేదని 777 పర్మిషన్ ఇచ్చేశారు. ఎవరు పడితే వాళ్ళు రాయగలిగే కాన్ఫిగ్ ఫైలును మైఎస్‌క్యూఎల్ నమ్మదు. లేచేటప్పుడు ఒక వార్నింగ్ ఇచ్చి, ఆ ఫైలును చదవకుండా పక్కన పడేస్తుంది. 644 (యజమాని మాత్రమే రాయగలిగేలా) చేసి రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. పని నిమిషం కూడా పట్టలేదు. కారణం కనిపెట్టడానికి మాత్రం రెండు టీలు, ఒక పూట పట్టింది.

1055 ఎర్రర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఓన్లీ ఫుల్ గ్రూప్ బై అనే నియమం (గ్రూపు చేసిన క్వెరీలో గ్రూపులో లేని కాలమ్‌ను ఊరికే అడగనివ్వదు) 5.7 కాలం నుంచి మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. మీ రిపోర్టులు పాత పద్ధతిలో రాసినవి. ఎవరో ఎస్‌క్యూఎల్ మోడ్‌లోంచి దాన్ని సెట్ గ్లోబల్‌తో తీసేశారు, రీస్టార్ట్‌తో అది తిరిగొచ్చింది. ఈ వారానికి కాన్ఫిగ్ ఫైల్లోనే మోడ్ రాసి నెట్టుకురండి. తీరిక చూసుకుని ఆ రిపోర్టుల క్వెరీలు సరిచేయండి, అవి ఇచ్చే కొన్ని అంకెలు ఇప్పుడు కూడా తప్పే అయి ఉండవచ్చు. ఇంకొకటి, సెట్ గ్లోబల్ కొట్టాక కూడా ఒక కౌంటర్లో ఎర్రర్ వస్తూ పక్క కౌంటర్లో రాకపోతే బెంబేలు పడకండి. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ పాత మోడ్‌తోనే నడుస్తుంది, మూసి తెరిస్తేనే కొత్తది.

వెయిట్ టైమౌట్ అసలు మారనే లేదు. మీరు చూసిన చోటు వేరు. షో వేరియబుల్స్ అని కొడితే మీ సెషన్ (మీరు తెరిచిన ఆ ఒక్క కనెక్షన్) విలువ వస్తుంది. టెర్మినల్ నుంచి చేతితో లాగిన్ అయినప్పుడు సెషన్ వెయిట్ టైమౌట్‌ను ఇంటరాక్టివ్ టైమౌట్ నుంచి తీసుకుంటుంది, అది మామూలుగా 28800, అంటే ఎనిమిది గంటలు. షో గ్లోబల్ వేరియబుల్స్ అని కొట్టి చూడండి, మీ 600 పదిలంగా ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి వర్తించేది అదే.

ప్రశ్నార్థకాల విషయంలో మాత్రం ఈ రోజే కదలండి. అది సర్వర్ సెట్టింగ్ కాదు, ఆ ఒక్క కౌంటర్ కనెక్షన్ ఏ క్యారెక్టర్ సెట్‌తో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) కలుస్తోందన్నది. పక్క కౌంటర్ సెట్టింగులతో పోల్చి యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని లిపులూ పట్టేది) చేయండి. ఈలోగా అక్కడ ఎక్కించిన పేర్లు ఏమయ్యాయో చూడటానికి ఆ కాలమ్‌ను హెక్స్ ఫంక్షన్‌తో (అక్షరాల వెనకున్న బైట్లను చూపించేది) తీయండి. ఒడియా అక్షరమైతే ప్రతి మూడు బైట్ల ముక్కా ఈ0 ఏసీ లేదా ఈ0 ఏడీ అని మొదలవుతుంది, తెలుగైతే ఈ0 బీ0 లేదా ఈ0 బీ1. అలా కనిపిస్తే డేటా భద్రం, చూపించడంలోనే లోపం. 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వరసగా వస్తే డేటాబేస్‌లోకి ఎక్కిందే ప్రశ్నార్థకం, దాన్ని తిరిగి అక్షరం చేయడం ఎవరి వల్లా కాదు. ఆ రైతుల పేర్లు కాగితం బిల్లులు చూసి మళ్ళీ కొట్టాల్సిందే.

ఇంత చేశాక కూడా వేరియబుల్స్ ఇన్ఫోలో డైనమిక్ అని, తెలియని హోస్ట్ పేరుతో ఏదైనా కనిపిస్తే అప్పుడు మనిషి కోసం వెతకండి. అప్పుడు కూడా ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏ యూజర్‌తో లాగిన్ అవుతోందో చూడండి. మన వైపు సగం ఆఫీసుల్లో అది రూట్‌తోనే (అన్ని హక్కులూ ఉన్న యూజర్) నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసిన వాళ్ళు అలాగే వదిలేసి పోతారు. రూట్ చేతికిస్తే సాఫ్ట్‌వేరే లేస్తూ లేస్తూ నాలుగు సెట్ గ్లోబల్‌లు కొట్టుకోవచ్చు. దానికి వేరే యూజర్ చేసి, ఆ ఒక్క డేటాబేస్ మీద మాత్రమే హక్కులివ్వండి. సూపర్, సిస్టమ్ వేరియబుల్స్ అడ్మిన్ అనే హక్కులు రెండూ దానికి ఉండకూడదు. ఫైళ్ళ వైపు ఈటీసీకీపర్ వేసుకోండి, ఈటీసీ మొత్తాన్ని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) పెట్టి, ప్యాకేజీలు మారే ముందూ తర్వాతా ఏ లైను మారిందో దాచి ఉంచుతుంది. ఏ లాగిన్ నుంచి మార్చారో కూడా కావాలంటే ఆడిట్‌డీతో ఈటీసీ మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ మీద రాతలకు కాపలా పెట్టండి. జనరల్ లాగ్ (ప్రతి క్వెరీనీ రాసిపెట్టేది) మాత్రం ఆన్ చేసి వదిలేయొద్దు, మూడు ఊళ్ళ బిల్లింగ్‌కి డిస్క్ నిండిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వాడే వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. అక్కడ ఆల్టర్ సిస్టమ్ కొడితే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ ఆటో డాట్ కాన్ఫ్‌లోకి వెళ్తుంది, మీ ఫైలును అదే ఓడిస్తుంది. పీజీ సెట్టింగ్స్ వ్యూలో సోర్స్ ఫైలు, లైను నంబరుతో సహా ఉంటాయి. అక్కడ యూజర్‌కీ డేటాబేస్‌కీ కూడా విడివిడిగా సెట్టింగ్ తగిలించవచ్చు, అది ఏ ఫైల్లోనూ కనబడదు.

సావుకారుతో ఇవన్నీ చెప్పకండి, తల తిరుగుతుంది. ఏపీటీ హిస్టరీలో ఉన్న తేదీ, ఎర్రర్ లాగ్‌లో ఉన్న తేదీ పక్కపక్కన పెట్టి, అయిదున్నర గంటలు కలిపి చూపించండి, చాలు. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయమంటాడు, ఒప్పుకోకండి. మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీని మాత్రం ఆటోమేటిక్‌గా మార్చకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి, నెలకోసారి ఒక ఆదివారం రాత్రి మీరే చేత్తో వేయండి. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ అవుట్‌పుట్, ఆ ఆటో ఫైలు, వేరియబుల్స్ ఇన్ఫోలో కంపైల్డ్ కాని వరసలు, ఈ మూడూ పంపండి. ఆటో ఫైల్లో హోస్ట్ పేరు దగ్గర ఏమి ఉందో నాకు కూడా చూడాలనుంది.